పాట ఆగి ఆగి వస్తోందా, చిటపటమంటోందా? కంప్యూటర్ మ్యూజిక్ ప్లేయర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాప్‌టాప్‌లో పాట సరిగ్గా పలకడం లేదనగానే చాలామంది చేసే పని విండోస్ మళ్లీ వేయించడం. దానికి డబ్బులు పోతాయి, ఒక పూట పోతుంది, కొన్నిసార్లు డెస్క్‌టాప్ మీద దాచుకున్న పాటలూ పోతాయి. నిజానికి అంత దూరం వెళ్లాల్సిన అవసరం చాలా అరుదు. కడపలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ మైక్ సెట్లు నడిపే కుర్రాళ్లు, కల్యాణమండపాల్లో పాటలు చూసుకునేవాళ్లు, చెక్కభజన బృందాలు, ఇంట్లో పాత పాటలను ప్రాణంగా దాచుకున్న పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ఎక్కువ భాగం విండోస్ ల్యాప్‌టాప్ గురించే. బ్లూటూత్, ఫోన్ సంగతులు తర్వాత వస్తాయి.

పాట మధ్యలో టిక్కు టిక్కుమంటోంది. ఎక్కడి నుంచి చూసుకుంటూ రావాలి?

ముందు ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. టిక్కుమన్నప్పుడు ప్లేయర్‌లో ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు కనిపిస్తున్నాయో రాసుకోండి. పాటను ఓ పది సెకన్లు వెనక్కి జరిపి మళ్లీ వినండి. సరిగ్గా అక్కడే మళ్లీ టిక్కుమందా? అయితే లోపం ఫైల్‌లోనే ఉంది. ఈసారి అక్కడ శుభ్రంగా పలికి ఇంకోచోట టిక్కుమందా? అయితే ఫైల్ మంచిదే. అది స్పీకర్ దాకా వచ్చే దారిలో ఎక్కడో తేడా ఉంది.

ఈ ఒక్క పరీక్షతో సగం పని తేలిపోతుంది. దీన్ని వదిలేసి నేరుగా సెట్టింగుల్లోకి దిగి అవీ ఇవీ మార్చేవాళ్లే ఎక్కువ. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

తేడా దారిలోనే ఉందని తేలితే రెండో పరీక్ష చేయండి. ఆంప్లిఫయర్‌కు వెళ్లే వైరు తీసేసి, ల్యాప్‌టాప్‌కే ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. శుభ్రంగా ఉంటే కంప్యూటర్‌ను వదిలేసి వైరు, మిక్సర్ (మైకులు, పాటల శబ్దాలను కలిపే పెట్టె), కరెంటు వైపు చూడండి. ఇయర్‌ఫోన్‌లో కూడా టిక్కుమంటే ప్లేయర్, డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాము), డిస్కులను అనుమానించాలి. ఏం మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి, వెంటనే విని చూడండి. నాలుగు ఒకేసారి మారిస్తే పాట బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, మళ్లీ పాడైతే చేతులెత్తేయాలి.

ఎప్పుడు విన్నా ఒకే చోట తెగుతోంది. ఆ ఫైల్‌ను బాగుచేయవచ్చా?

ఎంపీ3 ఫైల్ అంటే చిన్న చిన్న ఫ్రేముల వరుస. ఒక్కో ఫ్రేములో 1152 శాంపిళ్లు, అంటే శబ్దాన్ని కొలిచి రాసుకున్న అంకెలు, ఉంటాయి. సీడీ లెక్కలో, అంటే సెకనుకు 44100 శాంపిళ్ల చొప్పున, ఒక ఫ్రేము సుమారు 26 మిల్లీసెకన్లు. ఒక ఫ్రేము చెడితే చెవికి టిక్కుమని తెలుస్తుంది. నాలుగైదు వరసగా చెడితే పాట ఎగిరి గంతేసినట్టు ఉంటుంది. కాపీ పూర్తికాకముందే పెన్‌డ్రైవ్ పీకేయడం, డౌన్‌లోడ్ మధ్యలో ఆగిపోవడం, గీతలు పడిన సీడీ నుంచి పాట ఎక్కించడం, ఇవే మామూలు కారణాలు.

ఎంపీ3లను బాగుచేస్తామని చెప్పే ప్రోగ్రాములు ఫైల్ తల, తోకలను సరిచేయగలవు, పాట నిడివి తప్పుగా చూపిస్తుంటే సరిగ్గా చూపించేలా చేయగలవు. పోయిన శబ్దాన్ని మాత్రం ఏదీ తిరిగి తేలేదు. కాబట్టి ఇంకో మంచి కాపీ సంపాదించుకోవడమే దారి. సీడీ మీ దగ్గరే ఉంటే మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచు వైపు తుడిచి, ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాముతో మళ్లీ ఎక్కించండి. అది అనుమానం వచ్చిన చోట మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది. టైం ఎక్కువ పడుతుంది, కానీ ఫలితం బాగుంటుంది.

నాణ్యత ఏమీ పోకుండా పాటను కుదించి దాచే ఫ్లాక్ ఫైళ్లతో ఒక సుఖముంది. అసలు శబ్దం తాలూకు ఎండీ5 గుర్తు, అంటే వేలిముద్ర లాంటి అంకె, ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి, ఫైల్ చెడిందో లేదో వినకుండానే కంప్యూటర్ తేల్చి చెప్పగలదు. ఫూబార్ 2000 అనే ప్లేయర్‌లో ఇందుకోసం ఫైల్ ఇంటెగ్రిటీ వెరిఫయర్ అనే కాంపొనెంట్ (అదనంగా చేర్చుకునే భాగం) ఉంది. వందల పాటలను ఒకేసారి ఎంచుకుని తనిఖీకి పెట్టి, మీ పని మీరు చూసుకోవచ్చు.

ఒక్కోసారి ఒక్కోచోట తెగుతోంది. బఫర్ పెంచమంటున్నారు. బఫర్ అంటే ఏమిటి?

మన ఇళ్లలో మునిసిపల్ నీళ్లు ఏ కాసేపో వస్తాయి, అయినా కుళాయి తిప్పితే రోజంతా నీళ్లు పడతాయి. మిద్దె మీద ట్యాంకు ఉంది కాబట్టి. బఫర్ కూడా అలాంటి ట్యాంకే. డిస్కు నుంచి పాట ఆగి ఆగి వచ్చినా ప్లేయర్ ముందుగా కొంత నింపిపెట్టుకుని, సౌండ్ కార్డుకు ఆగకుండా అందిస్తుంది. డిస్కు ఆలస్యం చేసి ఆ నిల్వ అయిపోయిందనుకోండి, అప్పుడే పాట తెగుతుంది.

వీఎల్‌సీ ప్లేయర్‌లో టూల్స్, ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, కింద ఎడమవైపు సెట్టింగులన్నీ చూపించే ఆల్ ఎంచుకుని, ఇన్‌పుట్ అండ్ కోడెక్స్ నొక్కండి. అక్కడ ఫైల్ క్యాషింగ్ అని మిల్లీసెకన్లలో ఒక అంకె ఉంటుంది. దాన్ని 2000కో 3000కో పెంచి, సేవ్ చేసి, ప్లేయర్ మూసి తెరవండి. ఫూబార్‌లో ప్రిఫరెన్సెస్, ప్లేబ్యాక్, అవుట్‌పుట్ కింద బఫర్ లెంగ్త్ ఉంటుంది. అదే ఫూబార్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఫుల్ ఫైల్ బఫరింగ్ అని ఇంకొకటుంది. అక్కడ పెద్ద అంకె వేస్తే పాట మొత్తాన్నీ మెమరీలోకి తెచ్చుకున్నాకే డిస్కు జోలికి పోకుండా పాడుతుంది. పాత హార్డ్ డిస్కులున్నవాళ్లకు మేం మొదట చెప్పేది ఇదే.

బఫర్ పెంచితే పాటలు వినడానికి నష్టమేమీ లేదు. మీట నొక్కాక ఒక క్షణం ఆలస్యంగా స్పందిస్తుంది, అంతే. కీబోర్డు వాయిస్తూ కంప్యూటర్‌లో రికార్డు చేసేవాళ్లకు మాత్రం ఆ ఆలస్యం పనికిరాదు. వాళ్ల లెక్క వేరు.

బఫర్ పెంచినా టిక్కులు పోలేదు. ఇయర్‌ఫోన్‌లోనూ వస్తున్నాయి. ఇప్పుడేం చేయాలి?

అయితే తేడా ప్లేయర్ అవతల ఉంది. విండోస్ సౌండ్‌ను మామూలుగా 10 మిల్లీసెకన్ల ముక్కలుగా కార్డుకు అందిస్తుంది. 48000 హెర్ట్జ్ దగ్గర అది 480 శాంపిళ్లు. ఆ 10 మిల్లీసెకన్లలోపు తర్వాతి ముక్క అందకపోతే టిక్కుమంటుంది. ప్లేయర్‌లో మూడు సెకన్ల పాట నిల్వ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే ఆగింది చివరి గుమ్మం దగ్గర. అక్కడ ఆపేది చాలావరకు ఏదో ఒక డ్రైవర్. వై-ఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో, బ్యాటరీని గమనించే ప్రోగ్రామో ప్రాసెసర్‌ను పట్టుకుని కాసేపు వదలదు.

దీన్ని పట్టుకోవడానికి లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. దాన్ని మొదలుపెట్టి, పాట పెట్టి, పది నిమిషాలు వదిలేయండి. ఆపాక డ్రైవర్స్ అనే ట్యాబ్‌లో ఎవరు ఎక్కువసేపు ఆపారో వరసగా చూపిస్తుంది. పేరులో ఎన్‌డీఐఎస్ అని ఉంటే నెట్‌వర్క్ వైపు, ఏసీపీఐ అని ఉంటే కరెంటు, బ్యాటరీ వైపు, ఎన్‌వీతో మొదలైతే చాలావరకు ఎన్‌విడియా గ్రాఫిక్స్ వైపు చూడాలి.

ఆ ప్రోగ్రాము వేసే ఓపిక లేకపోతే చిన్న దారి ఉంది. వై-ఫై, బ్లూటూత్ రెండూ ఆపేసి, పాట పెట్టి ఐదు నిమిషాలు వినండి. టిక్కులు ఆగిపోతే దొంగ దొరికినట్టే. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచి, సరిగ్గా మీ మోడల్ నంబరుకు ఉన్న వై-ఫై డ్రైవర్ దించి వేయండి. అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో అప్‌డేట్ చేస్తామనే ప్రోగ్రాముల జోలికి దయచేసి పోవద్దు. ఉన్న లోపం పోకపోగా కొత్తవి వచ్చి చేరతాయి.

పవర్ ప్లాన్ కూడా ఒకసారి చూడండి. బ్యాటరీ ఆదా చేసే ప్లాన్‌లో ప్రాసెసర్ మాటిమాటికీ కునుకు తీస్తుంది, యూఎస్‌బీ పోర్టులకు విండోస్ కరెంటు ఆపేస్తుంది. యూఎస్‌బీ సౌండ్ కార్డుగానీ యూఎస్‌బీ మిక్సర్‌గానీ వాడేవాళ్లు హై పెర్ఫార్మెన్స్ పెట్టుకుని, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను డిసేబుల్ చేసుకోవాలి.

సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఏవో ఉన్నాయి. ఉంచాలా, తీసేయాలా?

తీసేయండి. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మీ స్పీకర్ పేరు మీద నొక్కితే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ కనిపిస్తుంది, ఆఫ్ చేయండి. ల్యాప్‌టాప్ చిన్న స్పీకర్లకు బాస్ పెంచడానికి పెట్టిన ఏర్పాట్లు అవి. పెద్ద మైక్ సెట్‌కు తగిలిస్తే శబ్దం ఊగుతుంది, ఒక్కోసారి పగులుతుంది.

ఎండాకాలం మధ్యాహ్నం పూట మాత్రమే పాట ఆగుతోంది. సాయంత్రం బాగుంటోంది.

కడప ఎండ సంగతి వేరే చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటాక షామియానా కింద బల్ల మీదున్న ల్యాప్‌టాప్ లోపల వేడి ఇంకెంతో ఉంటుంది. ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిస్తే సీపీయూ వేగం గిగాహెర్ట్జ్‌లలో కనిపిస్తుంది. పొద్దున రెండు పైన ఉన్న అంకె మధ్యాహ్నం ఒకటి లోపుకు పడిపోతే కారణం వేడే.

ఒక్క పాట పాడించడానికి ప్రాసెసర్‌కు పెద్ద శ్రమేమీ లేదు. పక్కన ఎల్ఈడీ తెర మీద వీడియో నడుస్తూ, వెనక బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచి ఉంటేనే చిక్కొస్తుంది. అవి మూసేయండి. ల్యాప్‌టాప్ కింద రెండు చెక్కముక్కలు పెట్టి గాలి ఆడనివ్వండి. గుడ్డ పరిచిన బల్ల మీద పెడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర వాడే కంప్యూటర్లలోనైతే ఫ్యాను రెక్కల మీద సున్నం పూసినట్టు తెల్లటి దుమ్ము పేరుకుంటుంది. వాటిని ఏటా వేసవికి ముందే విప్పించి శుభ్రం చేయించాలి.

పెన్‌డ్రైవ్ నుంచి పెడితే ఆగుతోంది. వేగం ఎక్కువున్న పెన్‌డ్రైవ్ కొనాలా?

అక్కర్లేదు. ఏ కుదింపూ లేని సీడీ నాణ్యత పాటకు సెకనుకు 1411 కిలోబిట్లు, అంటే సుమారు 176 కిలోబైట్లు చాలు. ఎంత పాత పెన్‌డ్రైవ్ అయినా అంతకు ఎన్నో రెట్లు వేగంగా చదువుతుంది. చిక్కు వేగంతో కాదు, మధ్యలో ఆగిపోవడంతో. వదులైన పోర్టు, చెడిపోతున్న మెమరీ, లేదా ఒకే పోర్టుకు నాలుగు సామాన్లు తగిలించిన హబ్, ఈ మూడింట్లో ఏదో ఒకటి. పాటలను ముందుగా ల్యాప్‌టాప్ లోపలి డిస్కులోకి కాపీ చేసుకుని అక్కడి నుంచి పెట్టండి. కాపీ అవుతుండగానే ఎర్రర్ వస్తే ఆ పెన్‌డ్రైవ్‌ను ఇక నమ్మవద్దు.

వాయిద్యాలన్నీ వినిపిస్తున్నాయి, పాడేవాళ్ల గొంతు మాత్రం రావడం లేదు. ఇదేం వింత?

మైక్ సెట్ వాళ్లను ఎక్కువ కంగారు పెట్టేది ఇదే. తబలా ఉంటుంది, ఫ్లూట్ ఉంటుంది, గాయకుడి గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఫైల్ కరావోకే (గొంతు తీసేసిన పాట) అయిందేమో అనుకుని ఇంకో కాపీ పెడతారు, అదీ అలాగే ఉంటుంది. తప్పు ఫైల్‌ది కాదు, వైరుది.

ల్యాప్‌టాప్ జాక్ నుంచి వచ్చేది స్టీరియో. జాక్ కొనలో ఎడమ, మధ్య రింగులో కుడి, వెనక భాగంలో గ్రౌండ్ ఉంటాయి. మిక్సర్‌లో ఒక్క చానల్‌కున్న బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు కూడా అవే మూడు స్థానాలు. కానీ అది కొనకూ రింగుకూ మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. మైకు తీగలో దారిలో చేరే గోలను తీసేయడానికి ఆ ఏర్పాటు. సినిమా పాటలో గొంతును ఎడమ, కుడి రెండింట్లోనూ సమానంగా పెడతారు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే గొంతు సున్నా అయిపోతుంది. రెండు వైపులా వేరువేరుగా ఉన్న వాయిద్యాలు మాత్రం మిగులుతాయి.

ఒకవైపు ల్యాప్‌టాప్‌కు సరిపోయే చిన్న స్టీరియో పిన్ను, రెండోవైపు మిక్సర్‌లో పట్టే లావుపాటి మోనో పీ-38 జాక్‌లు రెండు ఉన్న వైరు కొనుక్కుంటే ఈ బాధ తీరుతుంది. రెండు జాక్‌లనూ రెండు చానళ్లలో పెట్టండి. ఒకదాని ప్యాన్ (శబ్దం ఎటువైపు వెళ్లాలో చెప్పే మీట) ఎడమకు, ఇంకోదాని ప్యాన్ కుడికి తిప్పండి. మిక్సర్‌లో ఒక్క చానలే ఖాళీగా ఉంటే విండోస్‌లో యాక్సెసిబిలిటీ కింద ఆడియోలో మోనో ఆడియో ఆన్ చేసి, ఆ రెండింట్లో ఒక్క జాక్ మాత్రమే పెట్టండి. పాత స్టీరియో వైరు అలాగే ఉంచి మోనో ఆన్ చేశారో, గొంతుతో పాటు వాయిద్యాలూ పోతాయి. రెండు వైపులా ఒకటే అయ్యాక తేడా ఏముంటుంది?

ఇయర్‌ఫోన్ పిన్ను పూర్తిగా దూరకపోయినా, దాని గ్రౌండ్ తీగ తెగినా ఇదే లక్షణం కనిపిస్తుంది. పిన్నును కొంచెం తిప్పి, లోపలికి నొక్కి చూడండి.

చార్జర్ పెడితే స్పీకర్లో బుర్ర్‌మని మోత. తీసేస్తే పోతోంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ మోత దానిదీ దాని రెట్టింపులదీ. ల్యాప్‌టాప్ చార్జర్ ఒక ప్లగ్గులో, ఆంప్లిఫయర్ ఇంకెక్కడో ఉన్న ప్లగ్గులో ఉంటే రెండు ఎర్తుల మధ్య కొద్దిపాటి తేడా ఏర్పడి, ఆడియో వైరు గ్రౌండ్ మీదుగా కరెంటు పారుతుంది. దాన్నే ఆంప్లిఫయర్ పెద్దది చేసి వినిపిస్తుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే చాలాసార్లు మోత తగ్గిపోతుంది. తగ్గకపోతే ల్యాప్‌టాప్‌కూ మిక్సర్‌కూ మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా పెట్టండి. లోపల ఉండేది చిన్న ట్రాన్స్‌ఫార్మర్లే. శబ్దం దాటుతుంది, ఎర్తు దాటదు. చిన్న కార్యక్రమమైతే ముందే పూర్తిగా చార్జ్ చేసుకుని బ్యాటరీ మీద నడిపినా సరిపోతుంది.

మోత పోవడానికి మూడో పిన్ను విరిచేయడం, ప్లగ్గుకు టేపు చుట్టి ఎర్తు తగలకుండా చేయడం కొందరికి అలవాటు. మోత నిజంగానే పోతుంది. కానీ ఆంప్లిఫయర్ లోపల ఏ తీగైనా బాడీకి తగిలిన రోజు, ఆ కరెంటు మైకు పట్టుకున్న మనిషిలోంచి భూమిలోకి పోతుంది. తిరునాళ్లలో తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి పాడేవాళ్లుంటారు. ఎర్తు పిన్నును ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దు. ఎవరు తీయమన్నా ఒప్పుకోవద్దు.

జనరేటర్ మీదా, చవకరకం ఇన్వర్టర్ మీదా వచ్చే గరగర వేరు. అక్కడ కరెంటు అలే సాఫీగా ఉండదు. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద ఉంచి చూడండి. గరగర అప్పటికీ ఉంటే ఆంప్లిఫయర్ వైపే చూడాలి.

సౌండ్ పెంచితే గొంతు పగిలినట్టు వస్తోంది.

డిజిటల్ శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. అది దాటిన అలల తలలు తెగిపోతాయి, చెవికి అదే పగలడం. వీఎల్‌సీలో వాల్యూమ్ 125 శాతం దాకా పోతుంది, కానీ 100 దాటించకండి. ఈక్వలైజర్‌లో బాస్ మీటను పైకి లాగితే ప్రీఆంప్‌ను (మొత్తం స్థాయి మీటను) అంతే కిందికి దించాలి. పాట పూర్తిగా శుభ్రంగా ఉన్న స్థాయిలో కంప్యూటర్‌ను వదిలేసి, మిగతా పెంపంతా ఆంప్లిఫయర్ దగ్గర చేసుకోండి. మిక్సర్ చానల్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటే అక్కడ గెయిన్ (లోపలికి వచ్చే శబ్దం స్థాయి) తగ్గించండి.

పాట శ్రుతి పెరిగింది. హార్మోనియంతో కలవడం లేదు.

ఎంత పెరిగిందో చూడండి. దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పెరిగి, నాలుగు నిమిషాల పాట మూడు నిమిషాల నలభై సెకన్లకే అయిపోతుంటే కారణం వెంటనే చెప్పవచ్చు. సీడీ లెక్క ప్రకారం 44100తో చేసిన పాటను ఎక్కడో 48000 లెక్కన పాడిస్తున్నారు. ఫైల్‌ను మార్చేటప్పుడు రేటు తప్పుగా రాసి ఉండవచ్చు, యూఎస్‌బీ మిక్సర్, విండోస్ వేరువేరు రేట్ల మీద ఉండవచ్చు. విండోస్ సౌండ్ పరికరం ప్రాపర్టీస్‌లో డిఫాల్ట్ ఫార్మాట్‌ను, మిక్సర్ తాలూకు ప్రోగ్రాములో ఉన్న రేటును ఒకటి చేయండి.

శ్రుతి మారకుండా వేగం ఒక్కటే మారితే మాత్రం వీఎల్‌సీలో ఎవరో + మీట నొక్కి ఉంటారు. ప్లేబ్యాక్ మెనూలో స్పీడ్ కింద నార్మల్ ఎంచుకోండి.

హరికథ భాగాల మధ్య ప్రతిసారీ చిన్న ఖాళీ వస్తోంది. కథ నడుస్తుండగా తెగినట్టు ఉంది.

ఎంపీ3గా మార్చినప్పుడు ప్రతి ఫైల్ మొదట్లో, చివర కొద్దిపాటి నిశ్శబ్దం చేరుతుంది. సినిమా పాటల్లో తెలియదు. ఒకే కచేరీనో హరికథనో ముక్కలు చేసినప్పుడు మాత్రం ప్రతి అతుకూ వినిపిస్తుంది. ఎంపీ3గా మార్చే మంచి ఎన్‌కోడర్ ఆ నిశ్శబ్దం ఎంతో ఫైల్‌లోనే రాసి పెడుతుంది, దాన్ని చదవగల ప్లేయర్ అంత మేరా వదిలేసి పాడుతుంది. ఫూబార్ ఆ పని చక్కగా చేస్తుంది. వీఎల్‌సీ 3లో ఆ సౌకర్యం లేదు. క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగానే ఇంకోటి మొదలవడం) పెట్టుకుంటే ఖాళీ పోతుందని కొందరంటారు. పోతుంది కానీ రెండు వాక్యాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక మన పక్కనే ఉంది, సంకీర్తనలు భాగాలుగా దాచుకున్న ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. అలాంటివాళ్లు ప్లేయర్ మార్చుకోవడమే మేలు.

మధ్యలో వాట్సాప్ కాల్ వస్తే పాట శబ్దం ఒక్కసారిగా పడిపోతోంది.

అది లోపం కాదు, విండోస్ చేసే మర్యాద. కాల్ వచ్చిందని గమనించి మిగతా శబ్దాలను 80 శాతం తగ్గిస్తుంది. పాత కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో డూ నథింగ్ ఎంచుకోండి. కార్యక్రమంలో వాడే ల్యాప్‌టాప్‌లో అసలు వాట్సాప్ తెరిచి ఉంచకపోవడం ఇంకా మంచిది.

పెద్ద కార్యక్రమం ఉంది. ముందు రోజు ఏమేం చూసుకోవాలి?

ఒంటిమిట్ట రాములవారి కల్యాణం రాత్రిగానీ, దేవుని కడప బ్రహ్మోత్సవాల్లోగానీ, పెద్ద దర్గా ఉరుసులోగానీ పాట ఆగిందంటే సరిచేసుకునే సమయం దొరకదు. ముందు రోజే విండోస్ అప్‌డేట్‌ను ఒక వారం పాజ్ చేయండి. పాటలన్నీ లోపలి డిస్కులో ఉన్నాయో లేదో చూడండి. స్లీప్‌ను నెవర్ అని పెట్టండి, మూత మూసినా నిద్రపోకుండా సెట్ చేయండి. యాంటీవైరస్ స్కాన్ టైం మార్చండి. కార్యక్రమం నడిచినంతసేపూ ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి. వరసలో పెట్టిన పాటలన్నింటినీ ఒక్కోదాన్ని మొదట్లో, మధ్యలో, చివర కొన్ని సెకన్ల చొప్పున విని చూడండి. అవే పాటలు ఒక ఫోన్‌లో కూడా ఎక్కించి, దాని వైరు మిక్సర్‌లో ఇంకో చానల్‌కు పెట్టి ఉంచండి. ల్యాప్‌టాప్ మొరాయిస్తే మీట ఒకటి దించి ఇంకోటి ఎత్తడమే, జనానికి తెలియను కూడా తెలియదు.

బ్లూటూత్ స్పీకర్లో తెగుతోంది.

బ్లూటూత్, చాలా వై-ఫైలు ఒకే 2.4 గిగాహెర్ట్జ్ దారిలో నడుస్తాయి. మనిషి శరీరం కూడా ఆ తరంగాలను పీల్చుకుంటుంది. ఇంట్లో బాగా పాడిన స్పీకర్ జనం నిండిన మండపంలో తెగడానికి కారణం అదే. ల్యాప్‌టాప్‌కు బ్లూటూత్ డాంగిల్ వాడుతుంటే దాన్ని యూఎస్‌బీ 3 పోర్టులో ఉన్న హార్డ్ డిస్కు పక్కన పెట్టకండి, ఆ పోర్టు గోల సరిగ్గా అదే దారిలో పడుతుంది. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరం జరపండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌లో పాట ఉన్నట్టుండి పాత టెలిఫోన్‌లా వినిపిస్తే ఏదో ప్రోగ్రాము మైకును తెరిచిందని అర్థం. మైకు తెరిస్తే హెడ్‌ఫోన్ కాల్ పద్ధతిలోకి మారుతుంది, అందులో చాలావరకు స్టీరియో ఉండదు. ఆ ప్రోగ్రామును మూయండి. సభలకు మాత్రం వైరే వాడండి.

ఫోన్‌లో స్క్రీన్ ఆరిపోగానే పాట ఆగుతోంది.

ఫోన్ బ్యాటరీ ఆదా కోసం ప్లేయర్‌ను ఆపేస్తోంది. సెట్టింగ్స్‌లో యాప్స్, మీ ప్లేయర్ పేరు, బ్యాటరీ, అక్కడ అన్‌రిస్ట్రిక్టెడ్ ఎంచుకోండి. కొన్ని ఫోన్లలో ఆటోస్టార్ట్ అని ఇంకోటి కూడా ఉంటుంది, దాన్నీ ఆన్ చేయండి.

నాన్నగారి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించాం. అన్నింట్లోనూ టిక్కులున్నాయి.

ఇది ఎక్కించేటప్పుడు పడిన లోపం. వినేటప్పుడు వచ్చే టిక్కు మళ్లీ వింటే పోతుంది, రికార్డయిన టిక్కు శాశ్వతంగా ఉండిపోతుంది. క్యాసెట్లు ఇంకా మీ దగ్గర ఉంటే మళ్లీ ఎక్కించమనే చెబుతాం. పనంతా మళ్లీ చేయాలన్నమాటే గానీ, ఆ గొంతులు ఇంకెక్కడా దొరకవు.

ఈసారి ల్యాప్‌టాప్ మైకు జాక్‌లో పెట్టకండి. అది మైకు లాంటి చిన్న సంకేతం కోసం చేసింది, చాలా వాటిలో మోనో కూడా. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడండి. వై-ఫై ఆపండి, బఫర్ పెద్దది పెట్టండి, ఆడాసిటీ అనే ప్రోగ్రాములో రికార్డు చేయండి. లెవెల్ ఎంత పెద్ద శబ్దం వచ్చినా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. గంట క్యాసెట్ కుదింపు లేని వేవ్ ఫైల్‌గా సుమారు 635 ఎంబీ అవుతుంది. చోటు చాలదనుకుంటే ఫ్లాక్‌గా దాచండి, ఏమీ పోదు. క్యాసెట్ పాడించే యంత్రం హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాకే మొదలుపెట్టండి. గోధుమరంగు మరక దూదికి అంటుకోవడం మీకే కనిపిస్తుంది.

క్యాసెట్ అప్పటికే పోయి ఉంటే ఆడాసిటీలోని క్లిక్ రిమూవల్ కొంతవరకు పనికొస్తుంది. అసలు ఫైల్‌ను పక్కన భద్రంగా పెట్టి, కాపీ మీద మాత్రమే ప్రయత్నించండి. ఎక్కువ పెడితే మృదంగం దెబ్బలు కూడా మెత్తబడిపోతాయి.

కోడెక్ ప్యాక్ వేయమని ఎవరో చెప్పారు.

వద్దు. కోడెక్ అంటే ఒక్కో రకం ఫైల్‌ను విప్పి పాడించే భాగం. వీఎల్‌సీ, ఫూబార్ లాంటివి తమకు కావలసినవి తమతోనే తెచ్చుకుంటాయి.

ఇంతకీ ఏ ప్లేయర్ పెట్టుకోమంటారు?

ఏ ఫైల్ ఇచ్చినా పాడాలి, వీడియో కూడా కావాలి అనుకునేవాళ్లకు వీఎల్‌సీ. పాటలే పని అయినవాళ్లకు ఫూబార్ 2000. చూడ్డానికి సాదాగా ఉంటుంది గానీ బఫర్, అవుట్‌పుట్, ఫైళ్ల తనిఖీ అన్నీ మన చేతిలో పెడుతుంది. వేల పాటలను గాయకుల వారీగా సర్దుకోవాలంటే మ్యూజిక్‌బీ బాగుంటుంది. 1997లో వచ్చిన వినాంప్‌కు అలవాటుపడిన పెద్దవాళ్లు అదే వాడుకోవచ్చు, పాట సరిగ్గా పలుకుతున్నంతకాలం మార్చాల్సిన పనేమీ లేదు. ఏది వాడినా రెండోది కూడా ఒకటి వేసి ఉంచుకోండి. ఒక ప్లేయర్‌లో తెగిన పాట ఇంకోదాంట్లో శుభ్రంగా పలికితే, వెతకాల్సింది మొదటి దాని సెట్టింగుల్లోనే అని వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు దాని సెట్టింగుల ఫోల్డర్‌ను వేరే చోటికి జరిపి, ప్లేయర్‌ను కొత్తగా తెరిచి, ఒక్కో సెట్టింగే మళ్లీ పెట్టుకుంటూ రండి.